రాజీనామా ఓబళప్ప

ఓబళప్ప రాజీనామా చెయ్యకుండా పొద్దు గుంకిన రోజు తిరుమణి సోలార్ ప్లాంటులో లేదు. టీ నీళ్లగా ఉంటే రాజీనామా. చిక్కగా ఉంటే, "ఇంత చిక్కటిది తాగితే పైత్యం చెయ్యదా, నన్ను చంపేదానికా?" అని రాజీనామా. ఎండ ముదిరితే రాజీనామా. మబ్బు పట్టి పని తగ్గితే, ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తే నామోషీగా ఉందని రాజీనామా. కొందరు మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటారు. ఓబళప్ప రాజీనామా చేస్తాడు.

అదీ కాగితం మీద కాదు, ఒట్టి నోటిమాట. కానీ ఆ మాటకు ఒక పద్ధతి ఉండేది. ముందు తలమీది హెల్మెట్ తీసి నేలమీద పెట్టేవాడు. నడుముకున్న పనిముట్ల బెల్టు విప్పి దాని మీద పెట్టేవాడు. చేతులు దులుపుకుని, "అయిపోయ. ఈ పొద్దుతో మీకూ నాకూ రుణం తీరిపోయ. వస్తా" అని గేటు దాకా విసవిసా నడిచేవాడు. అక్కడ కావలి కాసే బొమ్మన్న పక్కన కూర్చుని ఒక బీడీ వెలిగించేవాడు.

"ఏమి ఓబళన్నా, రాజీనామాలోనే ఉండావా, మళ్లా ఉజ్జోగంలో చేరినావా?" అని అడిగేవాడు బొమ్మన్న.

"ఈ బీడీ అయిపోతానే చేరతా."

మేనేజరు యోగీశ్ కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి తెలియక నిజమే అనుకున్నాడు. రాత్రికి రాత్రే నాలుగు చోట్లకు ఫోన్లు చేసి ఇంకో ఎలక్ట్రీషియన్‌ను వెతికాడు. తెల్లారి వచ్చి చూస్తే ఓబళప్ప ఇన్వర్టర్ గది ముందు కూర్చుని కేబుల్ తొక్క తీస్తున్నాడు.

"నిన్న రాజీనామా చేస్తివి కదయ్యా!"

"చేసినా సార్. అది నిన్నటిది."

యోగీశ్‌కు ముక్కుమీద కోపం. అరిచాడంటే సోలార్ పలకల కింద మేసే గొర్రెలు కూడా తలెత్తి చూసేవి. ఆ అరుపులన్నిటికీ ఓబళప్ప దగ్గర ఒక్కటే జవాబు. వాళ్లిద్దరి గొడవ చూడ్డం కోసం మిగతావాళ్లు టిఫిను డబ్బాలు పట్టుకుని దగ్గరికి జరిగేవాళ్లు.

ఓబళప్పది నాగలమడిక. సోలార్ రాకముందు పావగడలో మోటార్లు చుట్టే దుకాణం ఉండేది. బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని బండిమీద వేసుకుని, ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు మొహం పెట్టుకుని వచ్చేవాడు. ఓబళప్ప దాన్ని విప్పి, కాలిన తీగ వాసన చూసి, "ఓల్టేజీ లేనప్పుడు దీని గొంతు పిసికినారు కదప్పా" అని తిట్టి, కొత్త రాగితీగ చుట్టి ఇచ్చేవాడు. అట్లా బాగా సాగింది దుకాణం. తర్వాత బోర్లు ఎండిపోయాయి. నీళ్లు లేనిచోట మోటారుకు కాలిపోయే యోగం కూడా ఉండదు. ఆ వెనక చేన్లు కంపెనీలకు గుత్తకు పోయాయి. వేరుశనగ పండిన చోట నీలం పలకలు మొలిచాయి. ఓబళప్ప దుకాణానికి తాళం వేసి ప్లాంటులో చేరాడు.

"దుకాణంలో నాకు ముచ్చట తీరలేదప్పా" అనేవాడు. "ఓనరూ నేనే, కూలోడూ నేనే. రాజీనామా చెయ్యాలంటే ఎవురికియ్యాల?"

ఇట్లాంటి మనిషి కింద పని నేర్చుకోవడానికి వచ్చింది సవిత. తిరుమణి పిల్ల, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. ఆమె నాన్న ఆంజనప్ప గుత్తకిచ్చిన చేను ఆ ప్లాంటు కంచె లోపలే ఉంది. చిన్నప్పుడు అమ్మ వెంట కలుపు తీసిన చోటే ఇప్పుడు టెస్టరు పట్టుకుని తిరుగుతుంది. దూరపు చుట్టరికం కలిపి ఓబళప్పను మామా అని పిలిచేది.

చేరిన కొత్తల్లో ఒకరోజు కరెంటు పెట్టెలో తీగలు తారుమారుగా బిగించింది. టప్పుమని శబ్దమొచ్చింది. పెట్టెలోంచి పొగ లేచింది. ఒక వరుస పలకలన్నీ పనిచెయ్యకుండా పడుకున్నాయి. యోగీశ్ అంత దూరం నుంచే అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు? ఎవరు చేసిందిది?"

సవిత నోరు తెరవబోయింది. అంతలో ఓబళప్ప హెల్మెట్ తీసి నేలమీద పెట్టాడు.

"సార్, ఈ టోపీతో నాచేత కాదు. రాజీనామా."

"ఇప్పుడు హెల్మెట్ గొడవేంటయ్యా నీకు! అక్కడ పొగ వస్తుంటే!"

"ఈడ కూడా వస్తాండాది సార్, చూడండి." బట్టతల వంచి చూపించాడు. "ఇడ్లీపాత్ర మాదిరి ఉండాది. లోపల మెదడు ఉడుకుతాండాది. ఉడికిన మెదడుతో కరెంటు పని ఎట్ల చెయ్యాల?"

"సేఫ్టీ రూల్సు తెలుసా నీకు?"

"రూల్సు మీవి. తలకాయ నాది."

అక్కడితో యోగీశ్ పొగను మరిచిపోయాడు. తలకాయ గురించి, రూల్సు గురించి, హెల్మెట్ లేక చచ్చిపోయిన వాళ్ల గురించి గొంతు పోయేదాకా అరిచి, చివరికి గాలి ఆడే హెల్మెట్లు తెప్పిస్తానని ఒప్పుకుని, అలిసిపోయి ఆఫీసులోకి వెళ్లిపోయాడు. ఈలోగా సవిత తీగలు సరిచేసేసింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి, "నాన్నా, నాకు పని నేర్పేటోడు ఒట్టి తిక్కోడు" అని చెప్పింది.

తిక్కోడే అయినా నేర్పాడు. కేబుళ్లు ఎట్లా అతకాలో, బిగించేటప్పుడు ఎక్కడ ఆపాలో, పాములు ఏ పెట్టె చాటున పడుకుంటాయో అన్నీ చెప్పాడు. మధ్యమధ్యలో రాజీనామాలు చేస్తూనే ఉన్నాడు. పలకలు కడిగే ఆడవాళ్లు వెంకటమ్మనహళ్లి వైపు నుంచి బస్సులో రావాలి. బస్సు ఆలస్యమైన రోజు యోగీశ్ గడియారం చూసుకుంటూ గేటు దగ్గరే నిలబడేవాడు. సరిగ్గా అప్పుడే ఓబళప్పకు తన చెప్పుల గురించో, చట్నీ గురించో, దేశం గురించో కోపం వచ్చేది. ఆఫీసు ముందుకు పోయి మొదలుపెట్టేవాడు. యోగీశ్ అటు పరిగెత్తేవాడు. ఆడవాళ్లకు పెద్ద హొన్నూరమ్మ. ఆమె కొంగు నడుముకు దోపుకుని, వెనకున్న వాళ్లను తోసుకుంటూ లోపలికి వచ్చేసేది. ఈ మనిషి వల్ల రోజూ అరగంట పని చెడుతోందని విసుక్కునేది సవిత.

అట్లా ఉండగా పాత కంపెనీ ప్లాంటును కొత్త కంపెనీకి అమ్మేసింది. గేటు మీద బోర్డు మారింది. అందరికంటే ముందు పోయింది యోగీశ్ ఉద్యోగమే. పెట్టె సర్దుకుని కారెక్కబోతూ ఓబళప్ప దగ్గర ఆగాడు.

"ఓబళప్పా, నువ్వు ఇన్నేళ్లూ చేస్తానన్నది నేను చేసి పోతున్నా" అన్నాడు.

ఓబళప్ప కారు వెంట గేటు దాకా నడిచాడు. కారు పోయిన దుమ్ము అణిగేదాకా అట్లాగే నిలబడ్డాడు.

కొత్త మేనేజరు భరత్‌కుమార్ బెంగళూరు మనిషి. చాలా మంచివాడిలా ఉంటాడు. ఎప్పుడూ అరవడు, ఎప్పుడూ నవ్వుతుంటాడు. అతను వచ్చాక పలకల మీద తమంతట తాము పాకుతూ దుమ్ము దులిపే యంత్రాలు వచ్చాయి. ఏ పలక వేడెక్కిందో పైనుంచి ఎగిరి చూసే డ్రోను వచ్చింది. ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి, నవ్వుతూనే, "మనం రైట్ సైజింగ్ చేస్తున్నాం" అన్నాడు.

"అంటే ఏంది?" అని అడిగింది హొన్నూరమ్మ.

"సైజు సరిచేసేదంట" అన్నాడు బొమ్మన్న.

"సరిచేసేదానికి మనమేమన్నా రైకలమా?"

అందరూ నవ్వారు. ఆ మాట ఓబళప్ప అనాల్సింది. అతను మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఓబళప్ప రాజీనామా చెయ్యడం మానేశాడు. టీ ఉత్త వేడినీళ్లలా వచ్చినా తాగేశాడు. డ్రోను వచ్చి నెత్తిమీద జుయ్యిమని తిరిగినా తల ఎత్తలేదు. క్యాంటీన్ నడిపే భాగీరథమ్మ పరీక్ష కోసమని ఒకసారి టీలో చక్కెరే వెయ్యలేదు. గ్లాసు ఖాళీ చేసి, "బాగుండాదమ్మా" అని వెళ్లిపోయాడు. ఆమె భయపడిపోయింది.

"ఏమన్నా, వొంట్లో బాగుండాదా? పోనీ ఒక చిన్న రాజీనామా అన్నా చెయ్యి, నోరు చప్పగా ఉంటాది" అన్నాడు బొమ్మన్న.

"ఊరుకోప్పా" అన్నాడు ఓబళప్ప.

మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత గుసగుసలాడుకున్నారు. నిజంగా ఉద్యోగం పోయే కాలమొస్తే ఎంత మొనగాడికైనా నోరు మూతపడుతుందని తీర్మానించుకున్నారు. పలకలు కడిగే ఆడవాళ్లలో సగం మందిని రావద్దన్న రోజు కూడా ఓబళప్ప హెల్మెట్ తియ్యలేదు. వాళ్లు చీపుర్లూ బకెట్లూ అప్పజెప్పి వరసగా గేటు దాటుతుంటే కళ్లు దించుకుని కేబుల్ చుడుతూ కూర్చున్నాడు. హొన్నూరమ్మను మాత్రం ఆఫీసు ఊడవడానికి ఉంచుకున్నారు. ఆ రోజు సవితకు అతని మీద ఉన్న గౌరవం కాస్తా జారిపోయింది.

తర్వాత ఆమె వంతే వచ్చింది. డ్రోను ఉంది కాబట్టి ఇద్దరు ఎలక్ట్రీషియన్లు అక్కర్లేదు, ఒకరు చాలు అన్నారు. ఎవరన్నది నెలాఖరులో చెబుతామన్నారు. చెప్పడానికేముంది, సీనియర్‌నే ఉంచుకుంటారని అందరికీ తెలుసు. సవితకు అన్నం సహించలేదు. ఇంట్లో చెబితే ఆంజనప్ప లేచి గుమ్మం దాకా పోయి చేను వైపు చూశాడు. "చేను పోయినా నువ్వు దాని మీదే ఉండావులే అనుకుంటి. ఇంక మనకు ఆడ అడుగు పెట్టే పనే లేదా?" అన్నాడు చివరికి.

ఆ మాట గుండెలో గుచ్చుకుని ఉండగానే మర్నాడు మధ్యాహ్నం ఇన్వర్టర్ గది నీడలో ఓబళప్ప ఎదురుపడ్డాడు. రాగిముద్ద ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "తిన్యావా మ్మే?" అన్నాడు.

సవితకు ఒళ్లు మండింది.

"తినే పనేముండాది మామా? నువ్వు తిను. బాగా తిను. ఇన్నేళ్లూ టీకి, చట్నీకి రాజీనామా చేసినావే. ఇప్పుడు చెయ్యి చూద్దాం! ఇప్పుడెందుకు నోరు రాదు? ఆ ఆడోళ్లు పోతాంటే ఒక్క మాటన్నా అంటివా? ఉత్త నాటకం నీది."

ఓబళప్ప చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "నిజమే మ్మే" అన్నాడు. సవిత గిరుక్కున తిరిగి వచ్చేసింది. మూలమలుపు దాటాక ఒకసారి వెనక్కి చూసింది. ఇంకా తినలేదు.

నెలాఖరున భరత్‌కుమార్ ఆమెను పిలిచాడు. సవిత ఐడీ కార్డు మెడలోంచి తీసి చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లింది.

"కంగ్రాట్స్ సవితా. మీరు కంటిన్యూ అవుతున్నారు" అన్నాడు నవ్వుతూ.

"మా మామ?"

"ఓబళప్ప గారా? రిజైన్ చేశారుగా. మీకు తెలీదా?"

పనిముట్ల గదికి పరిగెత్తింది. హెల్మెట్ నేలమీద లేదు. తుడిచి, మేకుకు తగిలించి ఉంది. బెల్టు మడిచి బీరువాలో పెట్టి ఉంది. మనిషి లేడు. గేటు దగ్గర బొమ్మన్నను అడిగితే, "బీడీ తాగమన్నా కూర్చోలేదు. బస్సెక్కి పోయినాడు" అన్నాడు.

అసలు సంగతి హొన్నూరమ్మ చెప్పింది. ఆ పొద్దున ఆమె ఆఫీసు కిటికీ అద్దాలు తుడుస్తూ ఉందట.

"ఓబళన్న లోపలికొచ్చినాడు. కుర్చీ చూపించినా కూర్చోలా. 'సార్, ఇద్దరిలో ఒకరు పోతే మీకు సరిపోతాదా?' అని అడిగినాడు. సరిపోతాదనినాడు ఆ సారు. 'మళ్లా ఇంకొకర్ని తీసేయల్లని అనరు కదా?' లేదు, ఒకరు ఉండాల్సిందే, పైనుంచే ఆర్డరనినాడు. 'ఎవుర్ని ఉంచుతారు?' అంటే, 'మిమ్మల్నే, సీనియర్ కదా' అని నగినాడు. మీ మామ కూడా నగినాడు. 'సరే సార్, ఐతే నేను పోతా' అనినాడు. అంతే. అరవలా, కొట్లాడలా."

"అట్లైతే ముందే ఎందుకు చెయ్యలేదక్కా? ఇన్ని దినాలు నన్నెందుకు ఏడిపించినాడు?"

"ముందే పోయింటే ఆయప్పను లెక్కలోంచి కొట్టేసి, ఉండేవాళ్లలో ఇంకొకర్ని తీద్దురు. అది నువ్వే కదా. అందుకే పైనుంచి ఆర్డరు వచ్చేదాకా నోరు కట్టుకొని కాసుకోని ఉన్న్యాడు."

"మీ ఆడోళ్లు పోయినప్పుడు?"

హొన్నూరమ్మ చేతిలోని గుడ్డ పిండింది. "అప్పుడూ పోయినాడు మ్మే ఆ సారు కాడికి, ఎవురికీ చెప్పకుండా. ఆడోళ్లను తీస్తే నేను రాజీనామా చేస్తా అనినాడంట. ఆ సారు నగి, 'సరే, మెయిల్లో పంపండి' అనినాడంట. ఒట్టి చేతుల్తో వచ్చి నాకు చెప్పి కండ్లనీళ్లు పెట్టుకున్న్యాడు. 'అక్కా, యోగీశ్ సారు మాదిరి ఈయప్పకు కోపం రాదు. కోపం రానోడి కాడ నా మందు పారదు' అని."

"మందేంది?"

హొన్నూరమ్మ ఆమెను వింతగా చూసింది. "ఏం పిల్లవి మ్మే నువ్వు! మేము ఆలస్యంగా వచ్చిన పొద్దు తప్ప ఆయప్ప చెప్పులు ఎప్పుడన్నా తెగినాయా? టీ బాగలేదని సారు భాగీరథమ్మను అరిచిన పొద్దు తప్ప ఆయప్ప టీకి పేరు పెట్టినాడా? సారు కోపమంతా తన మీదికి తిప్పుకొనేటోడు. మాకందరికీ తెలుసు. నీకూ తెలుసనుకుంటి."

సవిత అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. పెట్టెలోంచి పొగ లేచిన రోజు, ఎండలో తల వంచి యోగీశ్‌కు బట్టతల చూపిస్తున్న మనిషి కళ్లముందు నిలిచాడు. తన నోటితోనే "నాటకం" అంది. నిజమే, నాటకమే. టికెట్టు లేకుండా ఇన్నేళ్లూ చూసింది తనే.

మరుసటి ఆదివారం స్కూటీ వేసుకుని నాగలమడికకు వెళ్లింది. పినాకిని ఏటి ఇసుకలో ఒక మూల ఇంకా తడి ఉంది. ఆ ఏడాది వానలు కాస్త కనికరించాయి. ఓబళప్ప వసారాలో కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని, కాలిన మోటారు ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి, "రా మ్మే. ఆ తీగ చివర పట్టుకో, చిక్కు పడతాండాది" అన్నాడు, నిన్ననే విడిపోయినట్టు.

సవిత తీగ పట్టుకుంది. మాట మొదలుపెట్టే పని అతని భార్య నాగక్క చూసుకుంది.

"వచ్చినావా తల్లీ! ఈయప్పకు ఆడ రాజీనామా చేసే పని లేకపోయ, ఇంట్లో మొదలు పెట్టినాడు. నిన్న సంకటి గట్టిగా ఉండాదని ఈ ఇంటికే రాజీనామా చేసినాడు."

"నువ్వేమంటివి అత్తా?"

"సరేనంటి. మధ్యాహ్నానికి మళ్లా చేరినాడు. పప్పు వాసనొచ్చింది."

సవిత నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మామా, ఆ పొద్దు నేను అనింది..."

"తీగ వదలొద్దు" అన్నాడు ఓబళప్ప. కాసేపు చుట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వనింది మంచిదే ఆయ. అప్పటిదాకా నాకు భయంగా ఉన్నింది. నోటితో రోజూ చేసినా గానీ, నిజంగా చేసేతలికి ఆ సారు చూపించిన కుర్చీలో కూర్చునేదానికి కూడా ధైర్యం చాలకపోయ మ్మే. ఆ గది దాటి వచ్చేసరికి ముసిలోన్నైపోయినట్ల అనిపిచ్చ."

"నాకు చెప్పి చేసుంటే ఏం?"

"చెప్పింటే నువ్వు ముందు పోయి చేసేస్తావు. నా కాడ పని నేర్చుకున్నదానివి కదా."

"నువ్వు ఉండాల్సింది మామా."

"నా పని నా చేతుల్లో ఉండాది. యాడికి పోయినా నా వెంట వస్తాది. నీ చేను ఆడ ఉండాది. దాన్ని ఎత్తుకోని యాడికి పోతావు నువ్వు?"

అతని వేళ్లు తీగ మీద ఆగి ఆగి నడుస్తున్నాయి. మునుపటి చూపు లేదు, ఒక్కో చుట్టూ రెండుసార్లు తడిమి చూసుకుంటున్నాడు. పావగడ దుకాణం ఎప్పుడో ఎవరికో పోయింది. ఈ ఒక్క మోటారు తర్వాత ఇంకోటి వస్తుందో రాదో అతనికీ తెలియదు. ఆ సంగతి సవితకు కనబడింది. చెయ్యగలిగింది ఏమీ కనబడలేదు. తీగను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

చుట్టడం అయ్యాక మోటారును బిగించి, ఇంట్లోంచి వైరు లాగి స్విచ్చి వేశాడు. మోటారు గుర్రుమని తిరిగింది. ఓబళప్ప మొహం వెలిగింది. మరుక్షణం ఇంట్లో ఫ్యాను, టీవీ, మిక్సీ అన్నీ కలిసి ఆగిపోయాయి. మోటారూ ఆగిపోయింది.

"అయ్యో, చట్నీ సగంలో ఉండాది! ఫ్యూజు పోయ! చూడప్పా!" అని లోపలి నుంచి అరిచింది నాగక్క.

ఓబళప్ప కదల్లేదు. కాళ్లు బారజాపి, గోడకు ఆనుకుని, జేబులో బీడీ వెతుక్కున్నాడు.

"ఆ పాపను అడుగు" అన్నాడు. "ఈ ఇంట్లో ఉజ్జోగముండే కరెంటు మనిషి ఆమె ఒక్కతే."

సవిత సంచిలోంచి టెస్టరు తీసుకుని లేచింది.